మెడ లేని చొక్కా

నాకు ముక్కు మీద కోపమని మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. నిజమే. కాకపోతే ఆ ఏడాది యూనిఫారాల సీజన్లో వచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు. "పోనిద్దురూ, అయిపోయిందిగా" అని ఎవరైనా అంటే అందులోంచి వాళ్ళకీ కాస్త పంచి పంపిస్తాను.

మాది బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డు. బడులు తెరిచే ముందు రెండున్నర నెలలు మాకు ఊపిరి సలపదు. ఏడాదంతా ఆ రెండున్నర నెలల మీదే బతకాలి. ఆర్డర్లు తెచ్చేది మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. పన్నెండు మిషన్ల మీద అజమాయిషీ నాది. కటింగు మా ఆయనది. ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు, అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. అరవై పొరల గుడ్డ బల్ల మీద పరిచి, పైన సుద్దతో గీత గీసి, కరెంటు కత్తిని ఆ గీత మీద నడిపించేవాడు. ఇరవై ఆరేళ్ళలో కత్తి ఒక్కసారి గీత దాటలేదు. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి ఇది ఏ రకం గుడ్డో, ఏది మంచి వైపో, ఏది తిరగవైపో చెప్పేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన మాట్లాడాల్సినవి కూడా ఇన్నేళ్ళూ నేనే మాట్లాడాను.

సీజను మొదలైన రెండో వారంలో కత్తి గీత దాటింది.

నీలం చొక్కాల లాటు అది. చంక దగ్గర వంపు తిరగాల్సిన కత్తి తిన్నగా పోయి వీపు ముక్కలోకి దిగింది. ఒక్క దెబ్బకి అరవై చొక్కాల వీపులు పాడైపోయాయి. మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆయన కత్తి ఆపేసి, తన కుడి చెయ్యి వంక చూసుకుంటూ నిలబడ్డాడు.

నేను లేచి వెళ్ళాను. ఏమైందని అడగలేదు. "కళ్ళెక్కడ పెట్టుకున్నారండీ?" అన్నాను, పన్నెండుమంది ముందు.

"చేతికి గుడ్డ తెలీట్లేదు," అన్నాడు.

"గుడ్డ తెలీకపోవడమేంటి? అదేమన్నా కొత్తగా వచ్చిన చుట్టమా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వాడు. "ఏమోనే. తిమ్మిరి పట్టినట్టుంది."

ఆ తిమ్మిరి అన్న మాటే మా కొంప ముంచింది. మా షెడ్డులో తిమ్మిరి లేనిదెవరికి? బొత్తాలు దూరే రంధ్రాల్ని మేం కాజాలంటాం, అవి కుట్టే పెద్దావిడని కాజాల పిన్ని అంటాం. ఆవిడకి మధ్యాహ్నమయ్యేసరికి రెండు పాదాలూ తిమ్మిరే. నాకు మోచేతి కింద తిమ్మిరి. విదిలించుకుని మళ్ళీ కూర్చుంటాం. మాకు తిమ్మిరంటే జబ్బు కాదు, లేచి పది అడుగులు వేయడానికి దొరికిన వంక. "విదిలించండి, అదే పోతుంది," అన్నాను. ఆయన విదిలించాడు, మర్నాడూ విదిలించాడు, వారం రోజులు విదిలిస్తూనే ఉన్నాడు.

ఆ వారంలోనే కాలి చెప్పు వెనక్కి జారిపోతే ఆయనకి తెలీలేదు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా వీధి చివరిదాకా నడిచాడు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. మెట్టు దిగాలంటే గోడ పట్టుకునేవాడు. బావగారు నన్ను పక్కకి పిలిచి, బొటనవేలు నోటి వైపు ఎత్తి చూపించి, "ఏమ్మా, తమ్ముడేమన్నా కొత్తగా మొదలుపెట్టాడా?" అన్నారు.

"ఆయన టీ కూడా చల్లారాక తాగే మనిషి బావగారూ," అని కసిరి పంపించాను. అక్కడితో ఆగుంటే బాగుండేది. ఆ రోజు భోజనానికి కూర్చున్నప్పుడు, నీళ్ళ గ్లాసు పెట్టే నెపంతో వంగి, ఆయన నోరు వాసన చూశాను. ఆయనకి తెలిసిపోయింది. ఆ పని చేసినందుకు నా మీద నాకున్న కోపం మాత్రం ఎవరికీ పంచను, అది నాకే సరిపోతుంది.

నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పేరున్న డాక్టరు. మూడు గంటలు బయట కూర్చోబెట్టి, ఏడు నిమిషాలు లోపల కూర్చోబెట్టాడు.

"చెప్పండి, ఏంటి సమస్య?"

"తిమ్మిర్లండి," అన్నాడు మా ఆయన. చేతికి గుడ్డ తెలీట్లేదని నాకు చెప్పినవాడు, డాక్టరు దగ్గరికొచ్చేసరికి దాన్ని తిమ్మిరి చేసేశాడు. పెద్దవాళ్ళ ముందు పెద్ద మాటలెందుకని ఆయన గుణం.

"నడుం నొప్పి ఉందా?"

"రోజంతా బల్ల మీద వంగే పని కదండీ. ఉంటుంది."

"తల తిరుగుతుందా?"

"తిరగదండి. నడుస్తుంటే తూలుతున్నాను."

అంతే, డాక్టరు రాసేశాడు. నడుముకొకటి, తలకొకటి, రెండు ఎమ్మారైలు. ఆయన చెయ్యి పట్టుకుని చూడలేదు, లేపి నడిపించలేదు. చెయ్యి అన్న మాటే ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. నేనూ అక్కడే ఉన్నాను. పన్నెండుమందిని గడగడలాడించే నోరు నాది. డాక్టరు రాస్తున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదని ఎవరు నేర్పారో, నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆ గొట్టంలాంటి మిషన్లోంచి బయటికొచ్చి ఆయన అన్నదొక్కటే: "మన షెడ్డే నయం, ఇంత చప్పుడు లేదు."

మర్నాడు రిపోర్టు తెచ్చింది బావగారు. కవరు మేం చింపకముందే ఆయనే చింపేశారు. రెండు పేజీల నిండా చీమంత అక్షరాలు. చివర ఇంప్రెషన్ అని లావు అక్షరాలతో నాలుగు ముక్కలు. అదే సారాంశమట. ఆ నాలుగు ముక్కలూ బావగారు కూడబలుక్కుని చదివి, "అబ్నార్మల్ అని ఉందిరా. మెదడులో తెల్ల మచ్చలట," అన్నారు.

షెడ్డు మొత్తం విన్నది. కాజాల పిన్ని ఏడుపు అందుకుంది. మెదడులో మచ్చలంటే ఇక ఏముంది? ఆ రాత్రీ మర్నాడూ నేను ముద్ద మింగలేదు.

డాక్టరు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, రిపోర్టు రెండో పేజీ తిప్పి, చివరి నాలుగు ముక్కలు చూసి పక్కన పెట్టేశాడు.

"కంగారు పడకండమ్మా. ఈ చిన్న చిన్న తెల్ల చుక్కలు యాభై దాటిన చాలామందికి ఉంటాయి. జుట్టు నెరుస్తుంది చూడండి, అలాంటివే. ఇక నడుములో రెండు డిస్కులు అరిగాయి. వంగి పనిచేసేవాళ్ళకి మామూలే."

"మామూలే అయితే అబ్నార్మల్ అని ఎందుకు రాశారండీ?" ఈసారి నేను ఊరుకోలేదు.

"కనపడిందల్లా రాస్తారమ్మా. రాసిందల్లా జబ్బు కాదు."

ఆ మాట అబద్ధం కాదని ఇప్పుడు నాకు తెలుసు. మమ్మల్ని చంపుకు తిన్న ఆ మచ్చలు నిజంగానే ఏమీ కావు. కానీ జబ్బయినది కూడా ఆ కాగితం మీదే రాసి ఉంది. అది ఆయన చెప్పలేదు. ఎందుకు చెబుతాడు, చదివితే కదా.

"మరి చెయ్యి సంగతి?" అన్నాను.

"నరాల బలహీనత. బిళ్ళలు రాస్తున్నాను. నడుముకి వ్యాయామాలు చేయించండి. నెలన్నర తర్వాత చూద్దాం." బిళ్ళల చీటీ నా చేతిలో పడింది, తలుపు దగ్గర తర్వాతి వాళ్ళు అప్పటికే నిలబడ్డారు.

మచ్చలు ఏమీ కావన్న సంతోషంలో నేను ఇంటికెళ్ళి కడుపు నిండా తిని పడుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ రోజు ఆ డాక్టరంటే నాకు ఎంతో గౌరవం కలిగింది.

మర్నాడు పొద్దున షెడ్డుకి వెళ్ళేసరికి మా ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. స్కానింగ్ ఫిల్ములు రెండూ కిటికీ ఊచలకి క్లిప్పులతో తగిలించాడు. తల ఫిల్ము పైన, నడుం ఫిల్ము కింద.

"ఇటు రా ఓసారి," అన్నాడు. ఆయన నన్ను పిలవడమే అరుదు.

"ఇది తల. ఈ కింద అంచు చూడు, గడ్డం కిందికి వచ్చి ఆగింది. ఇది నడుం. దీని పై అంచు పక్కటెముకల చివర మొదలైంది. రెండూ ఒకదానికొకటి అతకట్లేదు. మధ్యలో ముక్క లేదు." తన మెడ వెనక చెయ్యి వేసి, అక్కణ్ణుంచి భుజాల కిందిదాకా దించి చూపించాడు. "మెడే కత్తిరించలేదు వీళ్ళు."

ఇరవై ఆరేళ్ళు ముక్కలు ముక్కలుగా మనుషుల్ని కత్తిరించి అతికించినవాడు చెబుతున్నాడు. నాకేమైందో వినండి. అవతల రెండు లాట్లు ఆగి ఉన్నాయి, కాలర్లు కుట్టే అమ్మాయి రాలేదు, బావగారు ఫోను మీద ఫోను చేస్తున్నారు.

"ఇప్పుడు డాక్టర్లకి కూడా కటింగు నేర్పుతారా?" అన్నాను. "ఎక్కడ తీయాలో వాళ్ళకి తెలీదా? అంత చదువు చదివి అక్కడ కూర్చుంది ఊరికేనా? తీసి లోపల పెట్టండి, వెలుతురుకి అడ్డం."

ఆయన ఒక్కొక్క క్లిప్పూ తీయడానికి అవస్థ పడ్డాడు. ఫిల్ములు కవర్లో పెట్టి, "అంతేలే," అన్నాడు.

ఆ తర్వాత బావగారు కొత్త కటింగు మనిషిని తెచ్చారు. ఒక పొద్దున ఈల వేసుకుంటూ వచ్చి మా ఆయన బల్ల దగ్గర నిలబడ్డాడు. నేను బావగారి మీదికి వెళ్ళాను.

"నన్నేం చెయ్యమంటావమ్మా?" అన్నారాయన. "తల్లో మచ్చలున్న మనిషి చేతికి కత్తిస్తే, రేపు వాడి వేళ్ళే తెగుతాయి."

"మచ్చలు ఏమీ కావని డాక్టరు చెప్పాడు."

"ఏమీ కాకపోతే ఎందుకిలా అయ్యాడు? చెప్పు, ఏమీ కాకపోతే ఎందుకు తూలుతున్నాడు?"

అదీ నా మంట. అబ్నార్మల్ అన్నది ఏమీ కాదన్నారు, మనిషేమో రోజురోజుకీ దిగిపోతున్నాడు. మా ఆయన తన సుద్దముక్కలూ, టేపూ కొత్తవాడి ముందు పెట్టి, కత్తికి నూనె ఎక్కడ వెయ్యాలో చూపించి, వెళ్ళి మూల కూర్చున్నాడు. ముక్కల్ని కట్టలు కట్టే పని ఇచ్చారు. కట్టిన ముడులు కట్టినట్టే ఊడిపోయేవి. కాజాల పిన్ని ఆయన చూడకుండా వాటిని మళ్ళీ కట్టేది. అంతలో ఓ బడినుంచి వచ్చిన గుమాస్తా నాతో మెల్లగా, "మాస్టారికి మతి తప్పిందటగా, పాపం," అన్నాడు. సరుకు ఆలస్యమైనందుకు బావగారు బడులన్నిటికీ చెప్పుకున్న సాకు అది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆ గుమాస్తాని నేనన్న మాటలకి వాళ్ళ బడి రెండేళ్ళు మా గడప తొక్కలేదు.

డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేయించడానికి ఆసుపత్రిలో ఒకడుండేవాడు. మా ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, నడుముకి కరెంటు బిళ్ళలు అంటించి, బయటికెళ్ళి ఫోను మాట్లాడుకునేవాడు. వారానికి మూడు రోజుల చొప్పున నెల పైగా అదే వైద్యం. ఆరో వారంలో అతను సెలవు పెట్టాడు. అతని బదులు ఓ అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. అందర్నీ అంకుల్, ఆంటీ అంటుంది.

మా ఆయన చెప్పులు వదిలి తలుపు నుంచి మంచం దాకా నడిచాడు. ఆ అమ్మాయి చూస్తూ నిలబడింది.

"అంకుల్, ఇలా కాళ్ళు ఎడంగా పెట్టి నడవడం ఎప్పట్నుంచి?"

"సీజను మొదట్నుంచి అమ్మా."

"పడుకోకండి, కూర్చోండి. చేతులు చాపండి. గుప్పెట మూయండి, తెరవండి. ఎంత గబగబా వీలైతే అంత."

గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. పది సెకన్లలో ఏడుసార్లు మూసి తెరిచాడు. నన్ను చెయ్యమంది. నేను ఇరవై దాటించాను. చిన్న రబ్బరు సుత్తితో ఆయన మోకాలి కింద తట్టింది. కాలు ఎగిరి ఆ అమ్మాయి కుర్చీకి తగిలింది. ఆయన నడిమి వేలి గోరు పట్టుకుని చటుక్కున వదిలింది. దాంతో సంబంధం లేని బొటనవేలు దానంతటదే లోపలికి ముడుచుకుంది. మరోసారి చేసింది. మళ్ళీ ముడుచుకుంది. ఆ అమ్మాయి మొహంలో నవ్వు పోయింది.

"ఆంటీ, నడుం దగ్గర నరం నొక్కుకుంటే కాలు మందగించాలి. ఇది ఎగిరిపడుతోంది. పైగా చేతులు కూడా. నడుం జబ్బు చేతుల్లోకి రాదు. రిపోర్టు ఉందా? మొత్తం ఇవ్వండి."

సంచిలోంచి తీసి ఇచ్చాను. స్టూలు మీద కూర్చుని మొదటి పేజీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టింది. వాక్యం కింద వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివింది. ఆ రిపోర్టుని అలా మొదట్నుంచి చదివిన మనిషిని నేను అప్పుడే చూశాను. మొదటి పేజీ అడుగున ఆ వేలు ఆగింది.

"ఇక్కడుంది," అని మాకు అర్థమయ్యేలా చెప్పింది. "మెదడు ఫిల్ము అడుగు భాగంలో మెడ కొంచెం కనపడిందట. అక్కడ వెన్నుపాము వెళ్ళే దారి ఇరుగ్గా ఉన్నట్టుందట. మెడకి విడిగా స్కానింగ్ తీయించి చూడాలట."

"ఎప్పుడు రాశారు?" అన్నాను. తెలిసే అడిగాను.

"ఇదే రిపోర్టు కదా ఆంటీ. పైన తేదీ ఉంది."

నలభై మూడు రోజుల కిందటిది. అన్ని రోజులూ ఆ వాక్యం మా సంచిలోనే ఉంది.

"ఇవాళ నేను వ్యాయామం చేయించను," అంది ఆ అమ్మాయి. "మెడ అస్సలు తిప్పకండి అంకుల్. రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళండి."

మర్నాడు పొద్దున డాక్టరు గది ముందు, చీటీలిచ్చే అమ్మాయి మమ్మల్ని ఆపింది. "మీకివాళ టైమివ్వలేదండీ."

"మా దగ్గర నలభై మూడు రోజులున్నాయి, అందులోంచి వాడుకుంటాం," అని తలుపు తోసేశాను.

రిపోర్టు డాక్టరు ముందు పరిచి ఆ వాక్యం మీద వేలు పెట్టాను. "ఇది చదవండి."

చదివాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. "ఇది ఇంప్రెషన్లో లేదమ్మా," అన్నాడు.

"లేదండీ. ముందు పేజీలో ఉంది."

"ముఖ్యమైంది ఆఖర్న రాయాలి. స్కానింగ్ వాళ్ళు రాయలేదు. రోజుకి ఎనభైమందిని చూస్తాం, మేం ఇంప్రెషనే చూస్తాం."

"అయ్యా, మేం రోజుకి రెండొందల చొక్కాలు కుడతాం," అన్నాను. నా గొంతు బయట హాల్లోకి వినపడుతోందని నాకు తెలుసు. "అందులో ఒక్కటి మెడ లేకుండా వెళ్ళినా బడివాళ్ళు తెచ్చి మా మొహాన కొడతారు. కత్తిరించినవాడు మెడ ఇవ్వలేదని నేను తప్పించుకోవడానికి లేదు. కుట్టేముందు ముక్కలన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాల్సింది నేనే. మీరు తల తీయించారు, నడుం తీయించారు, మెడ వదిలేశారు. చేతులు పనిచెయ్యని మనిషి మీ ముందు కూర్చుంటే చెయ్యి ముట్టుకోలేదు. మధ్యలో ముక్క లేదని ఈయన కనిపెట్టాడు, మా షెడ్డు కిటికీ దగ్గర నిలబడి. ఈయన చదివింది ఆరో తరగతి."

"అప్పుడే వచ్చి నాతో చెప్పాల్సింది కదమ్మా," అన్నాడు డాక్టరు.

చెప్పనివ్వనిది నేను. డాక్టర్లకి కటింగు నేర్పుతారా అన్నది నేను. మా ఆయన ఇప్పుడు ఆ మాట బయటపెడితే చాలు, డాక్టరు తప్పులో సగం నా నెత్తికొస్తుంది, రావాలి కూడా.

మా ఆయన నా వైపు చూడలేదు. "చెబుదామనే అనుకున్నానండి. మీకు పనెక్కువని నేనే ఊరుకున్నాను," అన్నాడు.

డాక్టరు తలొంచుకుని మెడకి స్కానింగ్ రాశాడు.

ఆ స్కానింగ్ పట్టుకుని ఆపరేషన్ చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. పెద్దావిడ, మాట సూటి. ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించింది. "మెదడు నుంచి చేతులకీ కాళ్ళకీ కబురు మోసే తాడు ఇది. మెడలో మూడు చోట్ల నలిగిపోయింది. ఇంకా నలగకుండా ఆపరేషన్ చేసి ఆపగలను. పోయింది తిరిగి తెస్తానని మాత్రం మాటివ్వను."

"కత్తెర పట్టగలనా అమ్మా?" అన్నాడు మా ఆయన.

"నడుస్తారు. చెంచా పడతారు. కత్తెర సంగతి నేను చెప్పలేను." సంతకం చెయ్యాల్సిన కాగితం నా ముందు పెడుతూ, "ఓ నెలన్నర ముందొచ్చుంటే ఇంకా బాగుండేది," అంది.

"నెలన్నర ముందే వచ్చామండీ," అని పాత రిపోర్టు తీసి తేదీ చూపించాను.

ఆవిడ తేదీ చూసింది. అడుగున ఆ వాక్యం కూడా చదివింది. కలం నా చేతికిచ్చింది.

ఆపరేషన్ అయిన ఐదో రోజుకి బడులు తెరిచారు. ఆసుపత్రి కిటికీలోంచి పిల్లలు గుంపులుగా వెళ్ళడం కనపడేది. మా చొక్కాలే, వేరేవాడు కత్తిరించినవి. బావగారు పళ్ళ సంచి పట్టుకుని తలుపు దగ్గర తచ్చాడుతున్నారు. "మతి తప్పిందని ఎన్ని బడుల్లో చెప్పారో అన్ని బడులకీ వెళ్ళి, తప్పలేదని చెప్పి రండి. అప్పుడు లోపలికి రండి," అన్నాను. మనిషి నిజంగానే వెళ్ళారు. పదకొండు బడులు తిరిగి, చెమటలు కక్కుకుంటూ సాయంత్రానికి వచ్చి, తమ్ముడి మంచం పక్కన కూర్చుని మొహం కప్పుకున్నారు. ఆయన మీద కోపం ఆ రోజుతో పోయింది.

కాళ్ళు నిలబడ్డాయి. నెల తిరిగేసరికి గోడ పట్టుకోకుండా నడిచాడు. ఎడమ చెయ్యి సగానికి పైగా వచ్చింది. కుడిచెయ్యి రాలేదు. ఆ వ్యాయామాల అమ్మాయి ఇంటికే వచ్చి, కళ్ళు మూయించి, వేళ్ళ మధ్య ఒక్కొక్క గుడ్డముక్కా పెట్టి ఏ గుడ్డో చెప్పమనేది. ఆయన ఆలోచించి ఆలోచించి ఏదో ఒకటి చెప్పేవాడు. ఒకసారి ముక్క పెట్టకముందే "ముతకది" అన్నాడు. ఆ అమ్మాయి బయటికెళ్ళి కొళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చింది.

అందరూ నాకు బుద్ధులు చెప్పడం మొదలుపెట్టారు. మనిషి దక్కాడు, నడుస్తున్నాడు, ఇంకా ఎందుకు ఆ కోపం అని. మా ఆయన కూడా అదే అన్నాడు. "వదిలెయ్యవే. ఆయనేం కావాలని చేశాడా?" ఇంతటి మెతక మనిషితో కాపురం చేస్తున్నందుకు నాకు ఏడుపొచ్చేది.

డాక్టరమ్మకి చూపించుకోవడానికి వెళ్ళిన రోజున ఆ నరాల డాక్టరు వరండాలో ఎదురుపడ్డాడు. చుట్టూ నలుగురు చిన్న డాక్టర్లున్నారు. మమ్మల్ని గుర్తుపట్టాడు. నా మొహం చూసి, నన్ను దాటుకుని, మా ఆయన దగ్గరికి వచ్చాడు.

"ఏం మాస్టారూ, భేషుగ్గా నడిచేస్తున్నారే," అన్నాడు, అందరికీ వినపడేలా. "అదృష్టవంతులండీ మీరు." చెయ్యి చాపాడు.

మా ఆయన కుడిచెయ్యి ఇచ్చాడు. డాక్టరు పట్టుకుని ఊపాడు. ఇక వదిలెయ్యబోతుండగా మా ఆయన మాట్లాడాడు. గొంతు పెంచలేదు. చేతి వంక చూడలేదు, డాక్టరు మొహంలోకి చూస్తూ అన్నాడు.

"మీరు పట్టుకున్నారో లేదో నాకు తెలీట్లేదు డాక్టరుగారూ. వదిలేశాక కాస్త చెప్పండి."

ఈసారి ఆయన తరఫున నేను మాట్లాడాల్సిన అవసరం లేకపోయింది. చిన్న డాక్టర్లు నేల చూపులు చూస్తున్నారు. డాక్టరు మాత్రం ఆ చేతిని పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. వదిలితే చెప్పాలి కదా.